కంసాలి చెక్కిన యక్షుడు

శనివారం పూట ఢిల్లీలో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా ఒక రేకు డబ్బా మన దాకా వస్తుంది. డబ్బాలో ఆవనూనె, నూనెలో నిలబెట్టిన రేకు శనిదేవుడు, అడుగున చిల్లర. ఊరి నుంచి వచ్చిన మా బాబాయి ఆ రోజు ఆటోలోంచి చేయి చాపి రెండు రూపాయల బిళ్ల అందులో వేశాడు.

"శనిదేవుడంటే నమ్మకమా బాబాయ్?" అన్నాను.

"నమ్మకం సంగతి పక్కన పెట్టరా. వెయ్యకపోతే పొద్దుగూకే దాకా మనసు పీకుతుంది. రెండు రూపాయలతో పీకుడు వదిలిపోయిందిగా" అన్నాడు.

బాబాయి నలభై ఏళ్లు కంసాలి పని చేసి, చూపు సహకరించక కుంపటి ఆర్పేసిన మనిషి. ఆ రోజు ఆయన్ని నేను తీసుకెళ్తున్నది జనపథ్‌లోని నేషనల్ మ్యూజియానికి. అక్కడ ఒక రాతి బొమ్మ ఉంది. సంపదకు, కాపలాకు పెట్టుకున్న దేవుడి బొమ్మ. దాన్ని నేను చాలాసార్లు చూశాను, ఇష్టపడ్డాను. కానీ దాన్ని చేసినవాడు శిల్పి కాదు, కంసాలి. ఆ మాట బొమ్మ మీదే చెక్కి ఉంది. ఒక కంసాలి కళ్లకు అది ఎలా కనిపిస్తుందో చూడాలని నా ఆశ.

నేషనల్ మ్యూజియం 1949 ఆగస్టు 15న రాష్ట్రపతి భవన్‌లో మొదలై, 1960 డిసెంబర్ 18న ఇప్పుడున్న భవనంలో తెరుచుకుంది. మొహెంజొదారో నర్తకి దగ్గర జనం మూగుతారు. నేను చెబుతున్న బొమ్మ దగ్గర ఎప్పుడూ అంత సందడి ఉండదు. పేరు పీతల్‌ఖోరా యక్షుడు. ఎల్లోరాకు దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్రలోని సాత్మాల కొండల్లో పీతల్‌ఖోరా అనే బౌద్ధ గుహల వరస ఉంది. 1950లలో పురావస్తు శాఖ తరఫున ఎం.ఎన్. దేశ్‌పాండే అక్కడ రాళ్లూ మట్టీ తొలగిస్తున్నప్పుడు ఈ బొమ్మ బయటపడింది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటిదని లెక్క. కొందరు ఇంకాస్త ఇటు జరుపుతారు.

ఎత్తు సుమారు మూడున్నర అడుగులు. కొత్తగా బడిలో చేరిన పిల్లవాడంత. కానీ పిల్లవాడు కాదు. మరుగుజ్జు. బానలాంటి పొట్ట, దళసరి పెదవులు, ఉబ్బిన బుగ్గలు. తల మీద వెడల్పాటి గిన్నె. ఆ గిన్నెను పట్టుకోవడానికి చేయి పైకి లేచింది. ఒంటి నిండా నగలు. వీటన్నిటి మధ్య ఒక పెద్ద నవ్వు. రెండు వేల ఏళ్ల దెబ్బలు బొమ్మకు అక్కడక్కడ తగిలాయి. ఆ నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

బాబాయి అల్లంత దూరం నుంచే ఆగి చూశాడు. నేను చెప్పిన సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"కంసాలి చేసి ఉండడు. మా చేతికి ఇంత పొట్ట రాదురా."

నిజమే అనిపించింది. కంసాలి లోకమంతా గురిగింజ ఎత్తుల లెక్క. ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద వస్తువు వడ్డాణం. కమ్మచ్చులోంచి వెంట్రుకంత తీగ లాగేవాడికి, ఆకురాయితో అర గింజ బంగారం కూడా నేల పాలు కాకుండా అరగదీసేవాడికి, దక్కను కొండల నల్లరాయి ఎలా లొంగుతుంది? పైగా రెండు పనుల స్వభావమే వేరు. కంసాలికి తప్పు జరిగితే కరిగించి మళ్లీ మొదలుపెడతాడు. చాలకపోతే టంకం పెట్టి ఇంకో ముక్క అతికిస్తాడు. రాతి పనివాడికి తీసేయడం ఒక్కటే తెలుసు. ఒక్క పెచ్చు ఎక్కువ లేస్తే దేవుడి ముక్కు పోయినట్టే.

కానీ బాబాయి దగ్గరికి వెళ్లాడు. కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి చూశాడు. బొమ్మ చుట్టూ నడిచాడు. ముందు నగల దగ్గర ఆగుతాడని నేను అనుకున్నాను. ఆయన పొట్ట దగ్గర ఆగాడు.

"ఇది వెనక నుంచి కొట్టినట్టుందిరా" అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే నకాషీ పని కొంచెం తెలియాలి. బంగారు రేకు మీద దేవుడి బొమ్మో, నెమలో తేల్చాలంటే రేకును లక్క మీద పరుస్తారు. వెనక వైపు నుంచి చిన్న సుత్తితో, మొన తిరిగిన ఉలితో మెల్లగా కొడతారు. కొట్టిన చోట రేకు ముందుకు ఉబ్బుతుంది. తర్వాత తిప్పి, ముందు వైపు నుంచి కన్ను, ముక్కు, అంచు గీతలు దిద్దుతారు. అలా చేసిన బొమ్మలో ఉబ్బు లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. పైన అతికించినట్టు ఉండదు. లోపల ఊపిరి నిండి చర్మం బిగిసినట్టు ఉంటుంది. ఈ యక్షుడి పొట్ట అలా ఉంది. బుగ్గలు అలా ఉన్నాయి. భుజం గుండ్రన అలా ఉంది. రాయిని బయటి నుంచి చెక్కుకుంటూ పోతే మిగిలిన గుండ్రన వేరు. దాని అంచుల్లో ఎక్కడో ఒకచోట దిమ్మె గుర్తుండిపోతుంది, ఇది ఒకప్పుడు నాలుగు పలకల బండ అని తెలిసిపోతుంది. ఇక్కడ దిమ్మె గుర్తు లేదు. గాలి నింపిన తిత్తిలా ఉన్నాడు మనిషి.

భారతీయ శిల్పాల్లో శరీరం లోపలి ప్రాణవాయువుతో నిండినట్టు ఉంటుందని కళా చరిత్రకారులు రాయడం నేను చదివాను. చదివి ఊరుకున్నాను. అది లక్క మీద రేకు పని తెలిసినవాడి నోట వినేసరికి అందులో సిద్ధాంతమేమీ లేదనిపించింది. చేతి అలవాటు అది. రాయికి వెనక వైపు లేదు, వెనక నుంచి కొట్టడం కుదరదు. కానీ వెనక నుంచి కొడితే ముందు ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి చూసిన కన్ను, ముందు నుంచే తీసుకుంటూ వచ్చి అదే ఉబ్బును తెప్పించింది. ఏ పొట్టను చూసి బాబాయి ఇది కంసాలిది కాదన్నాడో, ఆ పొట్టే ఆయన మాట మార్పించింది.

ఇంకో సంగతి. కంసాలికి రాయి కొత్తేమీ కాదు. గీటురాయి లేని కంసాలి లేడు. నగల అచ్చులు పాతకాలంలో రాతిలో కూడా తొలిచేవారు. తక్షశిల తవ్వకాల్లో అలాంటివి దొరికాయి. అచ్చు తొలిచేవాడు అంతా తలకిందులుగా ఆలోచించాలి. నగలో ఎత్తు రావలసిన చోట అచ్చులో గుంట పెట్టాలి. అలా ఆలోచించగలిగిన బుర్రకు పెద్ద బండ చూసి బెదరవలసిన పని లేదు.

తర్వాత నగల దగ్గరికి వచ్చాం. అదే కాలపు యక్షుల బొమ్మలు కొన్నిటిలో హారం అంటే ఛాతీ మీద గీసిన నాలుగు గీతలు. ఇక్కడ హారం ఉంది అని చెప్పి శిల్పి ముందుకు వెళ్లిపోతాడు. ఈ యక్షుడి దగ్గర అలా కాదు. హారానికి దాని మందం దానికి ఉంది. ఛాతీ మీద వాలిన బరువు ఉంది. చెవి కుండలాలు తమ్మెకు తెలుస్తున్నాయి. బాబాయి వేలు గాలిలో ఆ హారం వెంట నడిపించి, "దీన్ని తీసి మళ్లీ వెయ్యొచ్చు" అన్నాడు. నగను మెచ్చుకోవడానికి అంతకన్నా పెద్ద మాట కంసాలి దగ్గర ఉంటుందని నేను అనుకోను.

ఇప్పుడు ఆ రాత సంగతి. యక్షుడి చేతి వెనక భాగంలో, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఒక చిన్న వాక్యం ఉంది. కణ్హదాసు అనే హిరణ్యకారుడు చేసినది అని దాని తాత్పర్యం. కణ్హ అంటే కృష్ణుడు. మన కన్నయ్యే. కృష్ణుడి దాసుడన్న పేరు పెట్టుకున్న కంసాలి, బౌద్ధ భిక్షువుల ఆరామంలో, బుద్ధుడికీ కృష్ణుడికీ ముందు నుంచే జనం కొలుచుకుంటున్న యక్షుణ్ణి చేశాడు. ఈ మూడు ఒక మూడున్నర అడుగుల రాతిలో ఏ తగువూ లేకుండా ఇమిడాయి.

వాక్యంలో క్రియ ముఖ్యం. పాతకాలపు గుహల్లో కనిపించే రాతల్లో ఎక్కువ భాగం దానం రాతలు. ఫలానావాడు ఈ స్తంభం ఇచ్చాడు, ఫలానా ఆమె ఈ గది ఇచ్చింది. పీతల్‌ఖోరాలోనూ అవి ఉన్నాయి. ప్రతిష్ఠానం, అంటే పైఠణ్, నుంచి వచ్చిన గంధిక కులపు మితదేవుడు ఒక స్తంభం ఇచ్చాడు. మగిల అనే రాజవైద్యుడి కుటుంబం ఇచ్చినవీ ఉన్నాయి. అత్తరు వ్యాపారి, వైద్యుడు. వాళ్లు ఇచ్చామని రాసుకున్నారు. కణ్హదాసు చేశానని రాసుకున్నాడు. డబ్బు ఎవరిదో మనకు తెలియదు, పని ఎవరిదో తెలుసు. మన దేశపు శిల్పాల్లో సాధారణంగా దీనికి తిరగబడిన లెక్కే.

అలా పేరు చెక్కుకున్నవాడు అతనొక్కడే కాదు. మథుర మ్యూజియంలో ఉన్న పర్ఖమ్ యక్షుడి పీఠం మీద, కుణికుడి శిష్యుడు గోమితకుడు చేసినదని ఉంది. సాంచి దక్షిణ తోరణం మీద ఒక చోట, విదిశ దంతపు పనివాళ్లు ఈ చెక్కడం చేశారని రాసి ఉంది. ఏనుగు దంతం చెక్కే చేతులు రాతికి మారాయి, బంగారం చేసే చేతులూ మారాయి. చెక్క నుంచి, దంతం నుంచి, లోహం నుంచి రాతికి అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. ఎవరి విద్య వాళ్లు వెంట తెచ్చుకున్నారు. సాంచి తోరణాల మీద కిక్కిరిసిన సన్నపని చూస్తే దంతం గుర్తుకొస్తుంది. పీతల్‌ఖోరా యక్షుణ్ణి చూస్తే లక్క మీది రేకు గుర్తుకొస్తుంది. ఈ రెండో పోలిక నాకు తట్టలేదు, బాబాయికి తట్టింది.

అసలు యక్షుడంటే ఎవరు? కుబేరుడి కొలువువాళ్లు అని అమరకోశం చదువుకున్నవాళ్లు చెబుతారు. చెట్టును, చెరువును, ఊరి పొలిమేరను, భూమిలోని నిధిని అంటిపెట్టుకుని ఉండేవాళ్లని జనం నమ్మకం. కరుణిస్తే కలిసొస్తుంది, కోపమొస్తే పట్టుకుంటారు. ఆనంద కుమారస్వామి 1928లోనూ 1931లోనూ యక్షుల మీద రెండు భాగాల పుస్తకం రాశాడు. గుడి, విగ్రహం, పూలు, దీపం, నైవేద్యం ఇవన్నీ పెద్ద దేవుళ్ల కన్నా ముందే ఈ చిన్న దేవుళ్ల దగ్గర వాడుకలో ఉన్నాయని అందులో చూపించాడు. భర్హుత్ స్తూపం కంచె మీద ఈ దేవతలను పేర్లతో సహా చెక్కారు. కుబేరుడు, సూచిలోముడు, అజకాలకుడు, చందా యక్షిణి. సూచిలోముడంటే సూదుల్లాంటి వెంట్రుకలవాడు. పేరు వింటేనే ఊరి బయట మర్రిచెట్టు కింద నుంచి వచ్చినట్టు లేదూ?

వాళ్లను కొలిచింది ఎక్కువగా దారిన పోయే జనం. బళ్ల మీద సరుకు వేసుకుని ఊళ్లు తిరిగే వర్తకులు. మహాభారతంలో నలుడు విడిచిపెట్టి పోయాక దమయంతి అడవిలో ఒక బిడారును కలుస్తుంది. బిడారు నాయకుడు యక్షరాజు మణిభద్రుడి పేరు తలుచుకుంటాడు. ఆ రాత్రి వాళ్లు ఒక తామర కొలను పక్కన విడిది చేస్తారు. అలిసిపోయి అందరూ నిద్రపోతారు. నడిరేయి నీళ్లకు వచ్చిన అడవి ఏనుగుల మంద వాళ్ల మీదుగా తొక్కుకుంటూ పోతుంది. బతికినవాళ్లు తెల్లారి ఏడుస్తూ, మణిభద్రుడికి సరిగా పూజ చేయలేదు, కుబేరుడికి చేయలేదు, అందుకే ఇలా అయింది అనుకుంటారు. కావలివాళ్లు మేలుకుని ఉంటే సరిపోయేది కదా అని మనకు అనిపిస్తుంది. వాళ్ల లెక్కలో ఆ రెండూ వేరు కావు. అదృష్టం అంటే ఎవరో ఒకరు మన కోసం మేలుకుని ఉండడం.

పీతల్‌ఖోరా అలాంటి దారి పక్కనే ఉంది. పైఠణ్ నుంచి ఉత్తరానికి సాత్మాల కనుమలు దాటే దారి. మహామాయూరి అనే బౌద్ధ గ్రంథంలో ఏ ఊరికి ఏ యక్షుడో ఒక పెద్ద జాబితా ఉంది. అందులో పీతంగల్యలో ఉండే యక్షుడు శంకరి అని ఉంది. ఆ పీతంగల్య ఈ పీతల్‌ఖోరాయే అని పండితులు గుర్తించారు. కణ్హదాసు చేసింది ఆ శంకరినేనని చెప్పలేం. ఆ కనుమకు ఒక యక్షుడు ఉన్నాడని అటు పోయే బళ్లవాళ్లు నమ్మేవారని మాత్రం చెప్పగలం.

నాలుగో గుహ వాకిట ఇద్దరు కావలివాళ్లున్నారు. ఈటెలు, డాళ్లు పట్టుకుని, ఒంటికి అంగీ తొడిగిన అసలు సిసలు భటులు. వాళ్ల ముఖాల్లో డ్యూటీ కనిపిస్తుంది. మన మరుగుజ్జు చేతిలో ఈటె లేదు, గిన్నె ఉంది. అయినా కాపలా ఎవరిదంటే నేను ఈ మరుగుజ్జుదే అంటాను. కారణం కళ్లు.

యక్షుడి కళ్లు పెద్దవి, బాగా తెరిచినవి. కొంచెం పక్క గదుల్లోకి నడిచి, ఆరేడు వందల ఏళ్ల తర్వాతి గుప్తుల కాలపు బుద్ధుణ్ణి చూడండి. రెప్పలు కిందికి వాలి ఉంటాయి, చూపు లోపలికి పోతుంది. ఈ యక్షుడికి లోపల చూసుకోవలసింది ఏమీ లేదు. అతని చూపంతా వాకిట్లోకే. దేవతలకు రెప్పపాటు ఉండదని, అందుకే వాళ్లు అనిమిషులని మన నమ్మకం. స్వయంవరంలో నలుడి రూపంలో కూర్చున్న దేవతలను దమయంతి గుర్తుపట్టిన ఆనవాళ్లలో ఆ కొట్టుకోని రెప్పలూ ఒకటి. రాతి కంటికి ఎలాగూ రెప్ప కొట్టుకోదు, అందులో గొప్పేముంది అంటారేమో. గొప్ప నవ్వుతో కలిపి చూస్తే తెలుస్తుంది.

మనం పగలబడి నవ్వినప్పుడు కళ్లు చిన్నవవుతాయి. బుగ్గలు పైకి తోసుకొచ్చి కింది రెప్పను మూస్తాయి. అద్దంలో చూసుకోండి. కణ్హదాసు బుగ్గల్ని ఉబ్బించాడు, పెదవుల్ని సాగదీశాడు, కళ్లను మాత్రం మూసుకోనివ్వలేదు. నోరు నవ్వుతోంది, కన్ను మేలుకునే ఉంది. ఒకే ముఖంలో రెండు పనులు. బజారులో దుకాణం ముందు కూర్చునే సేటు ముఖం ఇలాగే ఉంటుందని నాకు అనిపిస్తుంది. వచ్చిన ప్రతివాణ్ణీ నవ్వుతూ పలకరిస్తాడు, ఎవడి చేయి ఎటు పోతోందో ఒక కంట కనిపెడుతూనే ఉంటాడు. కంసాలికీ అదే బతుకు. ఎదురుగా కూర్చున్న అమ్మగారితో నవ్వుతూ మాట్లాడాలి, కుంపట్లో బంగారం రంగు మారే క్షణం మాత్రం తప్పిపోకూడదు. తన గిరాకీల దేవుడికి కణ్హదాసు తన పనివేళ ముఖమే పెట్టాడేమో. ఇది నా ఊహే. బాబాయి మాత్రం దీనికి ఒప్పుకోలేదు. "నేను పని మీదుంటే నవ్వే వాణ్ణి కాదు. మీ పిన్నిని అడుగు" అన్నాడు.

మ్యూజియం నుంచి పార్లమెంటు వీధికి ఎంతో దూరం లేదు. అక్కడ రిజర్వ్ బ్యాంకు వాకిట రెండు రాతి విగ్రహాలున్నాయి. శాంతినికేతన్ శిల్పి రామ్‌కింకర్ బైజ్ చేసిన యక్షుడు, యక్షిణి. ప్రభుత్వ భవనాల్లో కళాకారుల పని ఉండాలన్న నెహ్రూ ఆలోచనతో 1950లలో మొదలైన ఆ పని పూర్తి కావడానికి పదేళ్ల పైనే పట్టింది. రాయి కాంగ్రా లోయ నుంచి వచ్చింది. యక్షుడికి పర్ఖమ్ యక్షుడు మూలం, యక్షిణికి బేస్‌నగర్ యక్షిణి. యక్షుడి చేతుల్లో డబ్బు సంచి, పళ్ల చక్రం. యక్షిణి చేతుల్లో పువ్వు, ధాన్యపు కంకులు. పరిశ్రమ, వ్యవసాయం అన్నమాట. దేశపు ఖజానాకు వాకిట యక్షుణ్ణి నిలబెట్టాలన్న ఆలోచన నాకు నచ్చుతుంది, అంతకన్నా తగిన కాపలా ఉండదు. బొమ్మలు కూడా గట్టివి. కానీ ఆ యక్షుడు తలెత్తి చూడవలసినవాడు. మన గిన్నె యక్షుడికి మనమే కాస్త వంగాలి. పెద్ద యక్షుడి దగ్గర మనం అర్జీ పట్టుకుని నిలబడతాం. ఈ చిన్నవాడి దగ్గరైతే గిన్నెలో రెండు పూలో, పిడికెడు గింజలో వేసి పని మీద వెళ్లిపోతాం.

ఆ గిన్నె గురించి చెప్పకుండా వదిలేయకూడదు. నైవేద్యం కోసమే అది అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటాను. శిల్పపరంగా చూస్తే అది బొమ్మకు మూత. మూడున్నర అడుగుల గుండ్రటి శరీరం ఎక్కడో ఆగాలి. పైన వెడల్పాటి అంచు పడగానే పొట్ట బరువు నేలకు దిగింది, బొమ్మ నిలబడింది. మోస్తున్నవాడికి బరువు ఉంది, కష్టం లేదు. కండరం ఎక్కడా బిగుసుకోలేదు. సాంచి పడమటి తోరణం కింద దూలాలు మోసే మరుగుజ్జులున్నారు. బరువు వాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది, మోస్తున్నామని మనకు తెలియజేస్తుంటారు. ఇతను గిన్నె మోయడం లేదు, చాపుతున్నాడు.

మనవైపు ఈ పొట్టి బొజ్జ దేవుళ్లు ఎక్కడికి పోయారు? ఎక్కడికీ పోలేదు. అమరావతి స్తూపం మీద పల్నాటి సున్నపురాయిలో వాళ్లు కుప్పలుగా ఉన్నారు. ఒకడి నోట్లోంచి తామర తీగ పుట్టి రాయంతా పాకుతుంది. వకుల చెట్టులో ఉండే చంద్రముఖ యక్షుడి పేరు అమరావతి రాయి మీదే రాసి ఉంది. ఆ రాయి మెత్తన, ఉలి వెన్నలో కత్తిలా పోతుంది. అందుకే అక్కడి మరుగుజ్జులు చురుకు, అల్లరి. దక్కను నల్లరాయి యక్షుడికి ఆ సన్నదనం రాదు, ఆ రాయి అడిగేది నిండుదనం. ఓరుగల్లు వీధుల్లో పాడిన జక్కుల పురంధ్రిని క్రీడాభిరామం మనకు చూపించింది. జక్కులు అన్న మాటలో యక్షులు ఉన్నారని, యక్షగానం పేరు కూడా అటు నుంచే వచ్చిందని కొందరు పండితుల మాట.

వీటన్నిటి కన్నా మనకు దగ్గరి ఉదాహరణ తిరుమలలో ఉంది. మహాద్వారానికి రెండు పక్కలా సుమారు రెండేసి అడుగుల పంచలోహ మూర్తులు కాపలా ఉంటాయి. రెండు చేతుల్లో శంఖాలు పట్టుకున్నవాడు శంఖనిధి, పద్మాలు పట్టుకున్నవాడు పద్మనిధి. స్వామి సంపదకు వాళ్లు రక్షకులు. ఇద్దరూ కుబేరుడి నిధులకు రూపాలే. అంత ఐశ్వర్యానికి రెండడుగుల కాపలా! అదే వాకిట విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల బొమ్మ ఒకటి ఉంది, ఆరంగుళాలది. చక్రవర్తి కన్నా కావలివాడే పెద్ద. తోపులాటలో గోవింద నామాలు చెప్పుకుంటూ వాళ్ల పక్క నుంచి నేను ఎన్నిసార్లు లోపలికి వెళ్లానో, ఒక్కసారీ తల తిప్పి చూసిన పాపాన పోలేదు. పీతల్‌ఖోరా యక్షుడు పరిచయమయ్యాకే తర్వాతిసారి ఆగి చూశాను. వెనక నుంచి ఎవరో నెట్టారు.

బాబాయి చివరికి చేతి దగ్గరికి వచ్చాడు. రాత ఎక్కడుందో నేను చూపించాను. ఆయనకు అక్షరాలు సరిగా కనిపించలేదు, కనిపించినా బ్రాహ్మీ రాదు. కానీ రాత ఉన్న చోటు ఆయనకు నచ్చింది.

"వెనక వేశాడు చూశావా. ముద్ర ఎప్పుడూ వెనకే వెయ్యాలిరా. ముందు వైపు వేసుకునేవాళ్లది, వెనక చేసినవాడిది."

పర్ఖమ్ గోమితకుడు పీఠం మీద రాసుకున్నాడు, శిల్పి పద్ధతిలో. కణ్హదాసు దేవుడి చేతి వెనక, నగకు ముద్ర వేసినట్టు వేసుకున్నాడు. చేసినవాడి పేరు తను చేసిన దేవుడి చేతి మీదే ఉండిపోయింది. ఇది అతను ఆలోచించి చేశాడో, అక్కడ చదునుగా జాగా దొరికింది కాబట్టి చేశాడో నేను తేల్చలేను. బాబాయికి అనుమానమే లేదు.

మేము బయటికి వచ్చేసరికి ఎండ తగ్గింది. తిరిగి వెళ్లే దారిలో ఇంకో సిగ్నల్ దగ్గర ఇంకో నూనె డబ్బా వచ్చింది. ఈసారి బాబాయి పైసలు వేసే ముందు డబ్బాలోకి తొంగి చూసి, "రేకు పని ఏం బాగోలేదు" అన్నాడు. బిళ్ల మాత్రం వేశాడు.

మర్నాడు చాందినీ చౌక్‌లో దరీబా కలాన్‌కు వెళ్లాం. ఢిల్లీలో పాత వెండి అంగళ్ల వీధి అది. పిన్నికి పట్టీలు కొనాలని ఆయన కోరిక. అంగడివాడు నల్ల గుడ్డ మీద ఏడెనిమిది జతలు పరిచి, మొదటిది ఎత్తి పట్టుకుని, దాని పని గురించి హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. బాబాయి ఒక్క మాటా వినలేదు. అతని చేతిలోంచి పట్టీని మెల్లగా తీసుకుని, బోర్లా తిప్పి, కళ్లజోడు పైకెత్తాడు.